నడుం నొప్పి, యోగా చాప, నా మనస్సాక్షి

"క్రిస్టియన్ అయ్యుండి యోగా ఎట్ల చేస్తున్నవ్?" అని నన్ను అడిగినవాళ్ళలో మా సంఘంవాళ్ళూ ఉన్నారు, గ్రౌండ్‌లో నా పక్కన చాప పరుచుకున్నవాళ్ళూ ఉన్నారు. సంఘంవాళ్ళ గొంతులో భయం ఉండేది, గ్రౌండ్‌వాళ్ళ గొంతులో కొంచెం నవ్వు. ఇద్దరికీ ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. కానీ ఏం చేస్తున్నానో, ఏం చేయనో, ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు. అక్కడిదాకా ఎట్లా వచ్చానో రాస్తున్నాను. మన సంఘాల్లో ఈ టెన్షన్ పడేవాళ్ళు చాలామందే ఉన్నారు, పైకి అనరు.

మాది హనుమకొండ. గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. పుట్టింటివాళ్ళు బాప్టిస్టులు, అత్తగారిది డోర్నకల్ దగ్గర సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. ఏళ్ళ తరబడి బోర్డు ముందు నిలబడటం, ఆపైన గతుకుల రోడ్డు మీద స్కూటీ. చివరికి ఒక రోజు బీరువా కింది అర తీద్దామని వంగి లేవలేకపోయాను. ఎమ్మారైలో ఎల్4, ఎల్5 అనే నడుం వెన్నుపూసల మధ్య డిస్క్ కొంచెం బయటికి వచ్చినట్టు తేలింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించుకోండి అన్నారు డాక్టర్.

ఫిజియో అమ్మాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, అరచేతులు ఆనించి, తుంటి కదలకుండా ఛాతీ పైకి లేపమంది. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్ట్ 1950ల నుంచి పైకి తెచ్చిన పద్ధతిలో ఇది ముఖ్యమైనదట. కాలులోకి లాగే నొప్పి మెల్లగా నడుం దగ్గరికి తగ్గుతూ వచ్చింది. అది మంచి గుర్తేనంది. తర్వాత ఆ అమ్మాయే, "మేడమ్, ఇన్ని పైసలు ఎందుకు పెడుతరు, ఇవే యోగాల ఉంటయి. పొద్దుగాల గ్రౌండ్ల ఫ్రీగ చెప్తరు. ముందుకు వంగేవి మాత్రం చెయ్యకండి" అని పంపింది. డాక్టర్ని అడిగితే ఆయనా సరే అన్నారు. పాత నడుం నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో యోగా ఒకటని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉందని చెప్పారు.

గ్రౌండ్‌లో యోగా సారు రిటైర్డ్ ఉద్యోగి. పైసా తీసుకోరు. బోర్లా పడుకోండి, అరచేతులు ఆనించండి, ఛాతీ లేపండి అన్నారు. అదే పని. ఇక్కడ దాని పేరు భుజంగాసనం. క్లినిక్‌లో ఆ పని చేసినన్నాళ్ళూ నా మనసు ఒక్కసారి కూడా పీకలేదు. ఇక్కడ మొదటి రోజే పీకింది. ఒంట్లో ఏ తేడా లేదు కదా, మరి ఎందుకు? చాలా రోజులు నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఇదే. "యోగా మంచిదా, చెడ్డదా" అని మొదలుపెడితే ఎక్కడికీ పోము.

ఆ గంటలో జరిగేది ఇదీ. మొదట అందరూ కళ్ళు మూసుకుని మూడుసార్లు ఓంకారం, ఒక గురు శ్లోకం. తర్వాత కీళ్ళు వదులు చేసే కదలికలు, ఆసనాలు. సూర్యుడు పైకి వచ్చే వేళకి అందరం తూర్పుకి తిరిగితే సూర్యనమస్కారాలు. "ఓం మిత్రాయ నమః, ఓం రవయే నమః" అని సారు అంటారు, వెనక అందరూ అంటారు. అట్లా పన్నెండు పేర్లు. ఆపైన ప్రాణాయామం, శవాసనం, శాంతి మంత్రం. నేను ఒళ్ళు కదిపేదాన్ని, నోరు కదిపేదాన్ని కాదు. సారు గమనించి, "ఏం మేడమ్, గొంతు బాగలేదా?" అని అడిగారు. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

హనుమకొండలో పొద్దున వాకింగ్‌కి రానివాళ్ళు తక్కువ. ఆదివారంకల్లా సంగతి చర్చికి చేరింది. స్త్రీల సమాజంలో ఒకామె అందరి ముందే, "యోగా చేస్తే దయ్యాలకు తలుపు తీసినట్టే" అంది. ఎక్కడో యూట్యూబ్‌లో విన్న మాట. ఆమెకి నా డిస్క్ సంగతి తెలుసు, ఎట్లుందని ఒక్కసారి అడగలేదు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా పాస్టర్ అయ్యగారు మాత్రం ఆ భాష మాట్లాడలేదు. ఇంటికి రమ్మని, అమ్మగారు చాయ్ ఇచ్చాక, బైబిల్లో యెహెజ్కేలు ఎనిమిదో అధ్యాయం తెరిచారు. యెహోవా ఆలయానికి వీపు పెట్టి, తూర్పుకి తిరిగి సూర్యునికి మొక్కుతున్న ఇరవై అయిదుగురు మనుషులు. "నువ్వు మొక్కుతలేవని నాకు తెలుసు తల్లీ. కాని నీ పక్కనున్నోళ్ళు మొక్కుతున్నరు కద. వాళ్ళ వరుసల్నే, వాళ్ళు తిరిగిన దిక్కే నువ్వూ తిరిగి వంగుతున్నవ్ కద" అన్నారు. నేను ఊరుకోలేదు. నయమాను సంగతి తీశాను. సిరియా సేనాధిపతి, కుష్ఠు నయమయ్యాక, ఇకమీదట యెహోవాకి తప్ప ఎవరికీ బలి ఇవ్వను అంటూనే, మా రాజు నా చేతి మీద ఆనుకుని రిమ్మోను అనే దేవుడి గుడిలో మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్కటి క్షమించమని ఎలీషా ప్రవక్తని అడుగుతాడు. ఎలీషా తిట్టడు, నెమ్మదిగా పొమ్మంటాడు. అయ్యగారు నవ్వారు. "నయమానుది రాజు దగ్గర కొలువు. నీకేమన్న గ్రౌండ్ల కొలువా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ వారం నుంచే సూర్యనమస్కారాల వేళకి పక్కకి వచ్చి, వేపచెట్టు దగ్గర ఉత్తగా నడిచేదాన్ని.

మిగతాది తేల్చుకోవాలంటే చదవాలి అనుకున్నాను. లైబ్రరీలో పతంజలి యోగ సూత్రాలకి తెలుగు వ్యాఖ్యానం దొరికింది. నాలుగు పాదాలు, రెండువందలకి నాలుగైదు తక్కువ సూత్రాలు. అందులో ఆసనం గురించి ఉన్నవి మూడంటే మూడు. స్థిరంగా, సుఖంగా కూర్చోవడమే ఆసనం అంటాడు, అంతే. మయూరాసనం లేదు, భుజంగాసనం లేదు. కానీ మిగతా పుస్తకం వ్యాయామం గురించి కానే కాదు. నియమాల్లో ఈశ్వర ప్రణిధానం ఉంది, అంటే ఈశ్వరుడికి తనని అర్పించుకోవడం. గమ్యం కైవల్యం, అంటే పురుషుడు (ఆత్మ) ప్రకృతి నుంచి పూర్తిగా విడివడటం. గొప్ప ఆలోచనే, కాదనను. కానీ అది నా నిరీక్షణ కాదు. ఒంటి నుంచి విడివడాలని నేను ప్రార్థించను. చనిపోయాక ఈ ఒళ్ళే తిరిగి లేపబడుతుందని నమ్ముతాను. ఆ పుస్తకం చెప్పే దారిలో చివరిదాకా నడిచే క్రైస్తవుడు ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి వదులుకోవాలి. ఈ విషయంలో అయ్యగారిదే సరైన మాట.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఇదంతా అయిదు వేల ఏళ్ళ నాటిదని యోగా సారు గర్వంగా అనేవారు, మా సమాజంలో ఆ అమ్మ భయంగా అనేది. తీరా చూస్తే 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు పదిహేనే. మనం గ్రౌండ్‌లో చేసే వరస చాలావరకు గత వందేళ్ళలో కుదురుకున్నది. సూర్యనమస్కారాలను వ్యాయామంగా ఊరూరా తీసుకెళ్ళినవాడు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు, 1920ల్లో. మైసూరు ప్యాలెస్‌లో కృష్ణమాచార్య 1930ల్లో కుర్రవాళ్ళకి నేర్పిన పద్ధతి, ఆయన శిష్యులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్‌ల చేతుల మీదుగా ప్రపంచమంతా పాకింది. నా భుజంగాసనం ఘేరండ సంహిత అనే పాత హఠయోగ గ్రంథంలో దొరికింది. జఠరాగ్ని పెరుగుతుంది, రోగాలు పోతాయి, కుండలిని మేలుకొంటుంది అని అందులో ఉంది. మెకెంజీ పుణ్యమా అని నేను అదే భంగిమలో డిస్క్‌ని లోపలికి నెడుతున్నాను. భంగిమ ఒక్కటే. దాని మీద చెప్పుకునే మాట వేరు.

ఈ మాట అర్థం కావడానికి నాకు బంగారం సాయపడింది. మన దగ్గర బంగారం అంటే తెలుసు కదా, మేడారం బెల్లం. రెండేళ్ళకోసారి జాతర అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో ప్రతి టేబుల్ మీదా ఆ ముక్క ఉంటుంది. మా బాపు ముట్టేవాడు కాదు. మా అమ్మ "స్తోత్రం" అని నోట్లో వేసుకునేది. ఇంట్లో ప్రతిసారీ ఇదొక చర్చ. పౌలు కొరింథువాళ్ళకి రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో సరిగ్గా ఈ తగవే ఉంది. కటికవాడి అంగట్లో అమ్మేది ఏదైనా ఆరా తీయకుండా తినండి అంటాడు. కానీ ఎవరైనా "ఇది బలిగా అర్పించినది" అని చెప్తే తినొద్దంటాడు, అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. మాంసం మారలేదు. ఎవరో ఒక మాట అన్నారు, దాంతో తినడం అనే పనికి వేరే అర్థం వచ్చింది. క్లినిక్‌లో నా మీద ఎవరూ ఏ మాటా అనలేదు. గ్రౌండ్‌లో నేను వంగిన ప్రతిసారీ ఒక పేరు పలుకుతున్నారు. నా మనసు పీకింది అందుకే.

మా అత్తమ్మకి ఇదంతా అతిగా అనిపించింది. ఆమె పెరిగింది డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ నీడలో. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య కట్టించిన గుడి, 1939లో ప్రతిష్ఠ అయింది. పైన గుమ్మటాలు, లోపల దేవాలయ మండపంలో ఉన్నట్టు స్తంభాలు. "మా గుడికి స్తంభాలు ఎక్కడివి? మన కీర్తనల పుస్తకంల ప్రతి పాట మీద రాగం, తాళం ఎందుకు రాసి ఉన్నయ్? ఆ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి ఆ రాగాలల్లనే కట్టిండు కద. రాగం ఎవలిదైతే ఏంది, పాట ఎవలికి పాడుతున్నవ్ అన్నదే లెక్క" అంది. అత్తమ్మ వాదన బలమైనదే, నాకు నచ్చింది కూడా. కానీ చౌదరిగారు రాగం తీసుకుని మాటలు కొత్తవి రాసుకున్నారు. గ్రౌండ్‌లో పాత మాటలే ఉన్నాయి. అట్లా అని సూర్యనమస్కారాలకి కీర్తన వచనాలు తగిలించి "క్రిస్టియన్ యోగా" అనడం నాకు అస్సలు మింగుడుపడదు. అమెరికాలో అట్లాంటివి ఉన్నాయి. అది వాళ్ళ సాధనకీ మర్యాద కాదు, మన వాక్యానికీ కాదు.

కాజీపేటలో ఉండే కేథలిక్ కొలీగ్ ఒకాయన ఇంకో తలుపు తెరిచారు. వాళ్ళ రిట్రీట్లలో యోగా మామూలే అన్నారు. మరి పోప్ ఏమన్నారు అని అడిగితే 1989లో వాటికన్ నుంచి బిషప్‌లకి వెళ్ళిన ఉత్తరం చదివించారు. కార్డినల్ రాట్జింగర్ సంతకం చేసింది, తర్వాత పోప్ అయిన ఆయనే. తూర్పు దేశాల పద్ధతుల్లో పనికొచ్చేది తీసుకోవచ్చు, క్రైస్తవ ప్రార్థన స్వరూపం చెడకూడదు అని అందులో ఉంది. అదే కేథలిక్కుల్లో కేరళ సీరో మలబార్ సభ సిద్ధాంత కమిషన్ 2018లో యోగాకీ క్రైస్తవానికీ పొసగదని తేల్చింది. గ్రీసు ఆర్థడాక్స్ సభ 2020లో ఇంకా గట్టిగా అదే చెప్పింది. పెద్దలే ఒక మాట మీద లేరు. సరే.

వాటికన్ ఉత్తరంలో ఒక చోట మాత్రం ఆగిపోయాను. కొన్ని శారీరక అభ్యాసాల వల్ల నెమ్మది, వెచ్చదనం, ఒక్కోసారి వెలుగు లాంటి అనుభూతులు వాటంతటవే వస్తాయి, వాటిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణ అనుకుంటే పూర్తిగా పొరపాటు అంటుంది. శవాసనం చేసినవాళ్ళకి ఇది తెలుస్తుంది. చివరి అయిదు నిమిషాల్లో వచ్చే ఆ హాయి, మోకరించి లేచినప్పటి శాంతిలాగే ఉంటుంది. నరాలు సడలితే వచ్చేది ఒకటి, కన్నీళ్ళతో అడిగితే వచ్చేది ఒకటి. ఆ తేడా నాకు ఏ పాస్టరూ చెప్పలేదు. దయ్యాల గురించి చెప్పినవాళ్ళు ఇది చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఇంతవరకు పుస్తకాల సంగతి. మా సంఘంలో ఒక అక్క ఉంది. వయసులో నాకు పెద్ద, చదువుకోలేదు. ఒకప్పుడు శివసత్తి, అంటే దేవుడు ఒంటి మీదికి వస్తాడని నమ్మే ఆడమనిషి. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు మోగితే ఆమెకి పూనకం వచ్చేది. సంక్రాంతి వచ్చిందంటే పసుపు పూసుకుని రోజులు రోజులు సిగమూగేది. ఆ బతుకు వదిలి మాలో చేరిన కథ ఆమెది, నేను చెప్పకూడదు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నేను చాప మీద కళ్ళు మూసుకుని కపాలభాతి చేస్తున్నాను. ఆపి కళ్ళు తెరిస్తే గుమ్మంలోనే నిలబడిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి.

"నాకు సిగం ఊగే ముంగట గిట్లనే ఊపిరి ఆడేది బిడ్డా" అంది. "ఆపు."

ఆపేశాను. స్త్రీల సమాజంలో దయ్యాల మాట అన్నామె మీద వచ్చిన కోపం ఇక్కడ రాలేదు. ఈమె యూట్యూబ్ చూసి మాట్లాడట్లేదు, తన ఒంటికి జరిగింది చెప్తోంది. నాకు అది పొట్ట కండరాల కదలిక. ఆమెకి అది తెలిసిన తోవ, ఎక్కడికి పోతుందో చూసి వచ్చిన తోవ. నిన్నమొన్నటిదాకా విగ్రహాల మధ్య బతికినవాళ్ళ మనస్సాక్షికి దెబ్బ తగులుతుందంటే ఇక మాంసమే తిననని పౌలు అంటాడు కదా, మా ఇళ్ళల్లో ఆ వాక్యాన్ని చదువుకున్నవాళ్ళం చదువులేనివాళ్ళ మీద చూపించే దయలాగా వాడుతుంటాం. అక్క ముందు అట్లా వాడబుద్ధి కాలేదు. ఈ విషయంలో నాకంటే ఎక్కువ తెలిసినది ఆమెకే. కపాలభాతి ఆ రోజుతో మానేశాను, నడుముకి దానితో ఎట్లాగూ పని లేదు. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం మాత్రం ఉంచుకున్నాను, తలుపు వేసుకుని.

ఇంతలో జూన్ వచ్చింది. స్కూళ్ళు తెరిచిన వారం పది రోజులకే 21వ తారీకు, యోగా డే. 2014 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసింది, 177 దేశాలు కలిసి ప్రతిపాదించాయి, 2015 నుంచి ప్రతి ఏడూ నడుస్తోంది. హెచ్ఎం సారు నన్ను పిలిచి, "మేడమ్, మీరు చేస్తరట కద, స్టేజి మీద పిల్లలకు చూపెట్టండి" అన్నారు. ఆయుష్ శాఖ కామన్ యోగా ప్రోటోకాల్ తెప్పించి చూశాను. మొదట "సంగచ్ఛధ్వం" అనే ఋగ్వేద ప్రార్థన, చివర శాంతి పాఠం, మధ్యలో ఆసనాలు. సూర్యనమస్కారాలు లేవు. మొదటి ఏడాదే వాటి మీద అభ్యంతరాలు వచ్చి పక్కన పెట్టారు. హెచ్ఎంకి నేరుగా చెప్పాను: ఆసనాలు చూపిస్తాను, ప్రార్థన పీఈటీ సారు చెప్పించాలి, ఆ కాసేపు నేను కింద పిల్లల వెనక నిలబడతాను. ఆయన, "గంతేనా, నేనేమో అనుకున్న" అన్నారు. ఇన్నాళ్ళు నేను మోసిన బరువు ఆయనకి అర నిమిషం పని.

ముందు రోజు ఎనిమిదో క్లాసు పిల్లలు ఇద్దరు వచ్చారు. ఒక అమ్మాయిది మా సంఘమే, ఇంకొకరు ముస్లిం పిల్లాడు. మేం అనాల్నా మేడమ్ అని అడిగారు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడకుండా మర్యాదగా లేచి నిలబడితే స్కూలు నుంచి తీసేశారు, 1986లో సుప్రీంకోర్టు అది తప్పని తీర్పు ఇచ్చింది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. ఆ సంగతి చెప్పి, "అల్లరి చెయ్యకుండ, నవ్వకుండ నిలబడండి, చాలు" అన్నాను. అయ్యగారికి ఫోన్ చేసి, ఇప్పుడు నాది కొలువే అయ్యగారూ, నయమాను పనికొస్తాడా అని అడిగాను. పనికొస్తాడు అన్నారు.

గ్రౌండ్ సంగతి కూడా తేల్చుకోవాలని యోగా సారుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మంత్రాలు అయ్యాక వస్తాను, సూర్యనమస్కారాల ముందు వెళ్ళిపోతాను, తప్పుగా అనుకోకండి అన్నాను. ఆయన తప్పుగా అనుకోలేదు. "రండి మేడమ్, దాందేముంది. కాని మీరు చేసేది యోగా అని మాత్రం అనకండి. అది ఎక్సర్‌సైజ్" అన్నారు. సరిగ్గా ఇదే మాట అయ్యగారూ అన్నారు: "ఎక్సర్‌సైజ్ అయితే చేసుకో, యోగా అంటే ఒప్పుకోను." ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ కలవలేదు, ఈ ఒక్క విషయంలో పూర్తిగా ఒకటే మాట. ఇద్దరి లెక్కలోనూ నాలాంటివాళ్ళం మధ్యలో తేలినవాళ్ళం. నాకు అభ్యంతరం లేదు.

కొన్నాళ్ళు అట్లా మధ్యలో వెళ్ళి మధ్యలో వచ్చాను. వానలు మొదలయ్యాక ఇంట్లోనే అలవాటైంది. మార్జాలాసనం, భుజంగాసనం, శలభాసనం, సేతుబంధాసనం, చివర మకరాసనం. ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం జోలికి పోను, అది మతం వల్ల కాదు, డిస్క్ వల్ల. అన్నీ అయ్యాక చాప చుట్టి, ముఖం కడుక్కుని, వేరే గదిలో మోకరిస్తాను. రెండిటినీ కావాలనే వేరుగా ఉంచుతాను.

ఈ మధ్య సమాజంలో ఒక చెల్లె రహస్యంగా అడిగింది. ఆమెకీ నడుమే. "నువ్వు చేస్తున్నవ్ కద అక్కా, నేను కూడ చేస్త. కాని నాకు లోపల గుబులుగనే ఉన్నది" అంది. నేను చేస్తున్నానని నువ్వు చేయకు అని చెప్పాను. రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయం చదవమన్నాను. అనుమానంతో తింటే ఆ తిండే దోషం అంటాడు అక్కడ పౌలు. గుబులు పోతే చూద్దాం, పోకపోతే వద్దు. ఈలోగా నొప్పి ఆగదు కాబట్టి ఫిజియో అమ్మాయి నంబర్ ఇచ్చాను. అక్కడ కూడా బోర్లా పడుకోబెట్టి ఛాతీ లేపమనే అంటుందని చెప్పలేదు.